అయిదో పళ్ళెం ఎంతసేపు వెలిగింది

తొంభై ఆరు తుఫానుకి మాకు కాయలిచ్చే తోటల్లో సగానికి పైగా చెట్లు పడిపోయాయి. మళ్ళీ వేసిన మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి మా పెరట్లో కురిడీ గది ఖాళీగా ఉండిపోయింది. కాయల్ని పీచు ఒలవకుండా డొక్కతోనే నెలల తరబడి ఉంచి లోపల కొబ్బరి ఎండేదాకా ఆగే గది అది. కిటికీ లేదు. పెరటి వైపు గోడలో కాయలు అందించుకోవడానికి జానెడు చదరం తలుపు ఒకటి ఉంది. దాన్నీ గుమ్మం తలుపునీ మూసేస్తే మిట్టమధ్యాహ్నం కూడా నా చెయ్యి నాకు కనిపించేది కాదు.

నేను అమలాపురం దగ్గర ఒక కొబ్బరి వర్తకుడి దగ్గర కాయలు లెక్కపెట్టేవాణ్ణి, చిట్టా రాసేవాణ్ణి. పదో తరగతి దాటి చదవలేదు. సంవర్గమానాలు, గ్రాఫులు పాత పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. చేను కొలతలోనో, ఇంటి ప్లాను చదరాల్లోనో తేడా వస్తే చుట్టుపక్కల వాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. నా లెక్క తప్పదని నాకు గట్టి నమ్మకం. ఈ రాసేదంతా ఆ నమ్మకం గురించే.

తుఫాను వెళ్ళిన మూడో ఏట మా ముందు వాటాలో ఒక కెమిస్ట్రీ లెక్చరరు గారు అద్దెకి దిగారు. ముప్ఫై మూడేళ్ళావిడ. భర్త మస్కట్‌లో పని. ప్రైవేటు కాలేజీలో ఏడేళ్ళుగా టెంపరరీగా చెబుతున్నారు. డాక్టరేటు వస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని కాలేజీ వాళ్ళు మాటిచ్చారట. యూనివర్సిటీలో పేరు నమోదు చేసుకున్న గడువు ఆ ఏడాది డిసెంబరుతో ముగుస్తుంది. ఈ సంగతి ఆవిడ మా ఇంటికి వచ్చిన వారంలోనే మా ఆవిడతో చెప్పారు. అప్పటినుంచి మా ఆవిడ క్యాలెండరులో డిసెంబరు కాగితం మడిచి పెట్టింది.

ఆవిడ చేస్తున్న పని ఇదీ. గడియారం ముళ్ళకి పూసే పచ్చటి రంగు చీకట్లో వెలుగుతుంది కదా, అది ఖనిజాలతో చేస్తారు. ఆ ఖనిజాలు లేకుండా, మందుల్లోనూ రంగుల్లోనూ ఉండే సేంద్రియ పదార్థాలతోనే అలా ఎక్కువసేపు వెలిగేది తయారు చెయ్యాలి. ఎండలో తాగిన వెలుగుని వెంటనే కక్కెయ్యకుండా, చీకట్లోకి వచ్చాక నెమ్మదిగా వదలాలి.

"ఎందుకు వెంటనే వదిలేస్తుందండీ?" అని అడిగాను.

"కదిలిపోతుంది బాబాయి గారూ. ఆ అణువు ఊరికే ఊగుతూ ఉంటుంది. ఊగి ఊగి, తాగిన వెలుగంతా వేడి చేసి పారేస్తుంది. దాన్ని కదలకుండా బిగించి పట్టుకోవాలి. గాలి, చెమ్మ తగలకూడదు. అంతే."

"చెమ్మ తగలకూడదంటే కోనసీమలో ఎందుకు మొదలెట్టేరమ్మా?"

ఆవిడ నవ్వేశారు. "ఉద్యోగం ఇక్కడ దొరికిందండీ."

బిగించి పట్టుకోవడానికి వాడింది బోరిక్ పొడి. క్యారమ్స్ బల్ల మీద చల్లుతారే, అదే. దాన్ని పంపు స్టవ్ మీద కరిగిస్తే తేనెలా పాకం అవుతుంది. ఆ పాకంలో సేంద్రియ పదార్థం ఆవగింజలో సగం వేసి, చిన్న స్టీలు పళ్ళెంలో పోస్తే చల్లారి గాజులా గట్టిపడుతుంది. పైన మైనం పూత. సేంద్రియ పదార్థం ఆవిడ కాలేజీ లేబులో సెలవుల్లో తయారు చేసుకునేవారు. అణువులో ఒక కొస మార్చి ఒకటి, రెండో కొస మార్చి ఇంకొకటి, అలా ఆరు. నేను కంసాలి త్రాసు తెచ్చి తూకాలు వేసేవాణ్ణి. ఎక్కువ వేస్తే వెలుగు తగ్గుతుందని ఆ తూకాల వల్లే తేలింది. మొదట అది నాకు వింతగా ఉండేది. ఎక్కువ పోస్తే ఎక్కువ రావాలి కదా అనుకునేవాణ్ణి. ఒకదాన్నొకటి ఆనుకుంటే వెలుగుని ఒకటి ఇంకోదానికి అంటించేసి ఆరిపోతాయని ఆవిడ చెప్పారు.

కొలత నాది. పళ్ళెం ఎండలో రెండు నిమిషాలు. ఆ తర్వాత పెరటి వైపు చిన్న తలుపులోంచి చీకటి గదిలోకి. అప్పటికే పావుగంట నుంచి లోపల చీకట్లో కూర్చున్న నేను వెలుగు కంటికి ఆనినంతసేపూ లెక్కపెడతాను. ఆవిడకి పన్నెండు గంటలకి కాలేజీలో క్లాసు ఉండేది. ఎండ బాగా ఉండేదీ అప్పుడే. అందుకని ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పళ్ళెం అందించేది మా ఆవిడ.

స్టాప్ వాచీ ఎందుకు లేదని అడగొచ్చు. ఫిజిక్స్ లేబులో ఒకటి ఉంది. అది బీరువాలో, తాళం పెద్ద లెక్చరరు దగ్గర, ఆయనకీ ఈవిడకీ పడదు. పైగా నేనే వద్దన్నాను. గోడ గడియారం ఎదుట నిలబడి అరవై లెక్కపెట్టి చూపించాను. సరిగ్గా నిమిషం. మూడుసార్లు చూపించాను. మూడుసార్లూ నిమిషమే.

"మీరే గడియారం బాబాయి గారూ," అన్నారావిడ.

ఆ మాటకి ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కొబ్బరి రాశుల దగ్గర లెక్కపెట్టే పద్ధతి కొంచెం చెప్పాలి. ఒక్కో విసురుకి రెండు కాయలు. మొదటి విసురుకి ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు, అలా పాటలా సాగుతుంది. కాయలు అందించేవాడు రాశి మొదలెట్టే ముందు అది ఎవరి తోటదో గట్టిగా పిలిచి చెబుతాడు. రాశి ఎవరిదో తెలియకుండా లెక్క మొదలెట్టడం తప్పు, గొడవలొస్తాయి. మా ఆవిడ పుట్టింటి వాళ్ళూ ఇదే పనిలో ఉన్నవాళ్ళు. అందుకని తనకి ఎవరూ చెప్పకుండానే, పళ్ళెం లోపలికి తోస్తూ "మూడోదండీ", "అయిదోదండీ" అని పిలిచి చెప్పేది. నేను "ఆయ్" అని "లాభం" అందుకునేవాణ్ణి. లెక్చరరు గారు ఆదివారాలు అది విన్నారు కూడా. ముగ్గురిలో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

పెరట్లో కాయలొలిచే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. గునపం మీద కాయ గుచ్చుతూ, గదిలోంచి నా గొంతు వినిపిస్తే, "గుమస్తా గారు కాయల్లేని గదిలో ఎవరి కాయలు లెక్కెడుతున్నారండీ? దెయ్యాలవేనా?" అనేవాడు.

"నీ తాతలవి. లాభం కూడా లేదు," అనేది మా ఆవిడ.

అలా సంక్రాంతి వెళ్ళినప్పటినుంచి వేసవి చివరిదాకా కొలిచాం. రెండో పళ్ళెం ఇరవై చిల్లర సెకండ్లు. మూడోది ముప్ఫై, ముప్ఫై ఒకటి. అయిదోది మొదట్లోనే ముప్ఫై ఎనిమిది వచ్చింది. లెక్చరరు గారు ఆ అణువు మీదే ఆశ పెట్టుకున్నారు. రెండు కొసలూ ఒకేసారి బిగిసేలా దాన్ని ఆలోచించి చేసింది ఆవిడే. మిగతావన్నీ దాని పక్కన పోల్చి చూపించడానికే. ముప్ఫై ఎనిమిది అని నేను లోపలినుంచి చెప్పినప్పుడు, అది ఆదివారం కాబట్టి ఆవిడే బయట ఉన్నారు. తలుపు తీసేసరికి కొంగుతో మొహం తుడుచుకుంటున్నారు. ఎండ, చెమట అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత కొత్తగా పోసినప్పుడల్లా అయిదోది పెరుగుతూ పోయింది. నలభై. నలభై మూడు. నలభై ఆరు. కరిగించడంలో మాకు చెయ్యి తిరిగింది కాబట్టి పెరుగుతోందని ఆవిడ అన్నారు. నేను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాను. చాలా అందంగా వచ్చింది ఆ గీత. ఆవిడ దాన్నే తీసుకుని అధ్యాయం రాసి, టైపు చేయించి, యూనివర్సిటీలో గైడు గారికి ఇచ్చి వచ్చారు.

జూన్ మొదట్లో ఒక శుక్రవారం. ఆకాశం అంచుల్లో మబ్బు కడుతోంది కానీ నడినెత్తి మీద ఎండ బాగానే ఉంది. అయిదో పళ్ళెం కొలిచి బయటికి వచ్చాను. నలభై ఆరు. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఏవండీ, ఒక మాట. అయిదోదానికొచ్చేసరికి మీరు పరిగెడతారేం?"

"పరిగెట్టడవేంటే?"

"మిగతావాటికి మెల్లగానే అంటారు. అయిదోదానికి ఇరవై దాటితే, రాశి ఆఖరికొచ్చినప్పుడు మా నాన్న లెక్కెట్టినట్టు గబగబా లాగించేస్తారు."

రాశి తరుగుతున్నకొద్దీ లెక్క జోరందుకోవడం మా పనిలో అందరికీ ఉన్నదే. కాయలు కనిపిస్తుంటాయి కాబట్టి జోరుగా అన్నా నెమ్మదిగా అన్నా సంఖ్య మారదు. వంద కాయలు వందే. అందుకే ఆ జోరు తప్పని ఎప్పుడూ అనుకోలేదు. కానీ వెలుగు కాయ కాదు. ఇక్కడ నా నోరే కొలత. నోరు పరిగెడితే కొలత పెరుగుతుంది.

మా ఆవిడని గోడ గడియారం దించి పెరట్లోకి తెమ్మన్నాను. నేను "లాభం" అన్నప్పుడూ, సంఖ్య చెప్పి ఆపినప్పుడూ సెకండ్ల ముల్లు ఎక్కడుందో చూడమన్నాను. రెండో పళ్ళెం నా లెక్కలో ఇరవై రెండు, గడియారంలో ఇరవై రెండు. మూడోది నా లెక్కలో ముప్ఫై ఒకటి, గడియారంలో ముప్ఫై. అయిదోది నా లెక్కలో నలభై ఆరు. గడియారంలో ముప్ఫై నాలుగు.

మళ్ళీ చేశాం. నలభై అయిదు, ముప్ఫై నాలుగు. ఈసారి కావాలని నెమ్మదిగా అనడానికి చూశాను, చూసి కూడా అంతే వచ్చింది. ఆ పచ్చటి మచ్చ సన్నబడుతుంటే, ఇంకొక్క అంకె, ఇంకొక్క అంకె అని లోపల ఏదో తోస్తుంది. ఎవరి పళ్ళెమో నాకు తెలుసు. ఆరిపోకముందే ఎన్ని అంకెలు పడితే అన్ని పడెయ్యాలని నా నాలుక తొందర.

ఒకే పళ్ళేన్ని అదే రోజు రెండుసార్లు కొలిచినా కంటికి మూడు నాలుగు సెకండ్ల తేడా వస్తుంది, అది మాకు ముందే తెలుసు. మూడోది ముప్ఫై, అయిదోది ముప్ఫై నాలుగు అంటే తేడా లేనట్టే. ఆవిడ అధ్యాయమంతా ఆ తేడా మీదే ఉంది.

అయితే ఇంకొకటి ఉంది. చివరగా పోసిన అయిదో పళ్ళేన్ని అందరం ఎక్కువసార్లు చేతిలోకి తీసుకున్నాం, వచ్చినవాళ్ళకి చూపించాం. దాని మైనం ఒక పక్క చిట్లి, అంచున గాజు పాలలా తెల్లబడింది. అది చెమ్మ. కొత్తగా పోసిన పళ్ళెం అయితే నిజంగానే నలభై వచ్చేదేమో. ముప్ఫై నాలుగు నా తప్పుని పట్టిందా, చెమ్మని పట్టిందా, ఆ పళ్ళెంతో తేలదు. తాజాగా కరిగించి పోసి గడియారంతో కొలవాలి. దానికి పొడి గాలీ ఎండా కావాలి. అవి ఇంకెన్నాళ్ళుంటాయో ఆకాశం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే చెప్పాల్సింది. ఆవిడ కాలేజీ నుంచి వచ్చి బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను గుమ్మందాకా వెళ్ళాను. "ఏవైనా చెప్పాలా బాబాయి గారూ?" అన్నారు. "కరెంటు బిల్లు వచ్చిందమ్మా," అన్నాను.

ఆదివారం ఆవిడ ఒక పొట్లం తెచ్చారు. తాపేశ్వరం కాజాలు. గైడు గారు అధ్యాయం చదివి, ఇదొక్కటి చాలు, ఇక మిగతాది రాసెయ్యమన్నారట. మస్కట్ వచ్చెయ్యమని అడుగుతున్న భర్త కూడా ఫోనులో, ఇంక డిసెంబరు దాకా అక్కడే ఉండు, నేను తొందరపెట్టను అన్నారట.

"ఇదంతా మీ ఇద్దరి చలవే పిన్ని గారూ," అని మా ఆవిడకి ఒక కాజా పెట్టారు.

మా ఆవిడ అది చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. నేను గీత గీసిన గ్రాఫు కాగితం కోసం వెతుకుతున్నట్టు పుస్తకాలు సర్దుతూ కూర్చున్నాను.

ఆ వారమంతా ఎండ కాసింది. ఇది నేను మర్చిపోలేను. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం, ఆకాశంలో పింజంత మబ్బు లేదు. గాలి పొడిగా ఉంది. పండుమిరపకాయలు ఒక్క రోజులో గలగలలాడాయి. మా ఆవిడ రోజూ పదకొండు గంటలకి "కొలుస్తారా?" అని అడిగేది. "కంట్లో నలతగా ఉందే," అనేవాణ్ణి. రాత్రిళ్ళు పడుకుని, లెక్చరరు గారికి చెప్పకుండా ఎలా సరిదిద్దొచ్చో లెక్కలు వేసేవాణ్ణి. ఇరవై తర్వాత నా జోరు ఎంత పెరిగిందో కట్టి, పాత అంకెలన్నిటినీ తగ్గించి రాస్తే? కానీ ఏ రోజు ఎంత జోరుగా అన్నానో ఎవరికి తెలుసు. నా లెక్క తప్పని నేను చెబితే ఇక నేనెవర్ని అన్న భయం ఒకటి. ఆవిడ మొహం చూడలేనన్నది రెండోది. ఏది పెద్దదో అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పుడు తెలుసు, మొదటిదే.

శనివారం సాయంత్రం వాన మొదలైంది. ఆదివారం కూడా కురుస్తూనే ఉంది. చూరు నీళ్ళు బిందెల్లో పడుతుంటే, లెక్చరరు గారు మా వసారాలో కూర్చుని టీ తాగుతున్నప్పుడు చెప్పాను. గడియారం కొలతలు చీటీ మీద రాసి ఉంచుకున్నాను. ఆ చీటీ చేతికిచ్చాను.

ఆవిడ చదివారు. రెండోసారి చదివారు. కోప్పడతారనుకున్నాను.

"రెండోదీ మూడోదీ సరిగ్గానే ఉన్నాయి కదండీ," అన్నారు.

"ఆయ్. వాటి మీద నాకు ఆశ లేదమ్మా. అందుకని సరిగ్గా ఉన్నాయి."

"అయిదోది మైనం చిట్లింది."

"ఆయ్. అందుకే ఏదీ తేలదు. కొత్తది పొయ్యాలి."

ఆవిడ వాన వైపు చూశారు. అప్పుడడిగారు. "మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

"నిన్నే," అన్నాను.

మా ఆవిడ గుమ్మంలో ఉంది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి.

"పోన్లెండి," అన్నారు లెక్చరరు గారు. "నిన్ననే వాన వచ్చింది. మీరేం చేస్తారు."

వానల్లోనూ ప్రయత్నించాం. ఫిజిక్స్ పెద్ద లెక్చరర్ని బతిమాలి స్టాప్ వాచీ తెచ్చారు. స్టవ్ చుట్టూ బొగ్గుల కుంపట్లు పెట్టి గది ఆరబెట్టాం. పోసిన పళ్ళెం మైనం పూసేలోపే మసకబారేది. ఎండ ఒక్కోసారి పది నిమిషాలు వచ్చి పోయేది. వచ్చిన కొలతలు ఇరవై నుంచి ముప్ఫై అయిదు దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిలోంచి ఏ గీతా రాదు. ఆవిడ చేసిన పదార్థం కూడా అడుగంటింది. మళ్ళీ తయారు చెయ్యాలంటే దసరా సెలవులు రావాలి, దసరాకి కూడా మా దగ్గర గాలి పొడిబారదు.

ఆగస్టులో ఆవిడ యూనివర్సిటీకి వెళ్ళి అధ్యాయం వెనక్కి తెచ్చుకున్నారు. గైడు గారు ఏమన్నారని మా ఆవిడ అడిగితే, "ఎవరు కొలిచేరని అడిగేరండీ. నేనే కొలిచేనని చెప్పేను," అన్నారు.

"అదేంటమ్మా, ఈయన కదా."

"కొబ్బరి కొట్టు గుమస్తా గారు నోటితో లెక్కపెట్టేరని ఎలా చెప్పనండీ? ఆయనకి అది ఇంకా నవ్వులాట అవుతుంది. నేనే కళ్ళు మూసుకుని నమ్మేను కదా, తప్పు నాదే."

అది నా మొహాన అనలేదు. నేను పక్క గదిలో ఉన్నానని తెలిసి, వినపడేలా కూడా అనలేదు. మామూలుగా అన్నారు.

డిసెంబరు వెళ్ళిపోయింది. గడువు పొడిగించలేదు. మరుసటి ఏడు కాలేజీలో ఆ పోస్టు డాక్టరేటు ఉన్న వేరే ఆయనకి ఇచ్చారు. ఆవిడ రాజోలు వైపు ఒక ప్రైవేటు స్కూల్లో చేరి, ఇల్లు అటే మార్చుకున్నారు. సామాను బండికెత్తుతున్న రోజు త్రాసు నాకే వదిలేశారు. పళ్ళేలు కడిగి మా ఆవిడకిచ్చారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, రెండువేల ఏడో ఎనిమిదో, కొత్తపేట బస్టాండులో కలిశారు. జుట్టు నెరిసింది. పదో తరగతికి చెబుతున్నానన్నారు. "పిల్లలకి ఆ బోరిక్ పొడిది చేసి చూపిస్తానండీ. చీకటి గదిలో భలే అరుస్తారు," అన్నారు. నా కంటి చూపు ఎలా ఉందని అడిగారు. ఆ మధ్య విదేశాల్లో ఇలాంటి సేంద్రియ పదార్థాల మీద చాలామంది పని చేస్తున్నారట, కొసల్ని రెండు వైపులా బిగించే పద్ధతి ఒకరెవరో రాశారని ఒక పత్రికలో చూశారట. "మనది కూడా కరెక్టే అయ్యుండొచ్చు బాబాయి గారూ," అన్నారు. ఆ "మనది" అన్న మాట దగ్గర, ఆ ఆదివారం ఆడిన అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. రావులపాలెం బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కేశారు. బస్సు రాకపోయినా చెప్పేవాణ్ణో లేదో నాకు అనుమానమే.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఆ రోజు నిన్నే తెలిసిందని అన్నారేవండీ?"

ఇన్నేళ్ళలో తను అడిగింది ఆ ఒక్కసారే.

శుక్రవారం తెలిసింది. తొమ్మిది రోజుల తర్వాత ఆదివారం చెప్పాను. మధ్యలో శనివారం సాయంత్రం దాకా ఎండే. రోజుకి రెండు పళ్ళేలు పొయ్యొచ్చు. పదిహేను పళ్ళేలకి సరిపడా పదార్థం అప్పుడు సీసాలో ఉంది, తూచి ఉంచింది నేనే. అయిదో నంబరు నిజంగా ఎంతసేపు వెలుగుతుందో తేలడానికి ఆరు చాలు.